అటక మీది పేజీ

లిఫ్టు యంత్రాల గదిలోకి తల వంచుకుని అడుగు పెట్టేసరికి రెండూ పది. మెకానిక్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేది ఐదింటికి. ఈలోగా ఒక కాగితం దొరకాలి. దొరక్కపోతే చేయని తప్పుకి ఒక మనిషి జైలుకి పోతాడు. లెక్క అంతే. అందులో ఎక్కడా సందు లేదు.

డిటెక్టివ్‌ని అందరూ నిదానం అంటారు. ఆ పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తు లేదు గానీ, పెట్టినవాడు మనిషిని చూసే పెట్టాడు. నలుగురూ పది మాటలు ఖర్చు పెట్టే చోట ఆయన ఒకటి పెడతాడు, అదీ ఎదుటివాడి పదీ అయిపోయాక. ఊరి బడి చదువు. చూపు తప్ప వేరే పెట్టుబడి లేదు. గదిలోకి రాగానే దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడవార నిలబడి, ముందు దుమ్ముని చూశాడు.

మొన్న మంగళవారం పదకొండూ నలభైకి ఈ ఆసుపత్రి లిఫ్టులోంచి ఒక ముసలాయన నాలుగో అంతస్తులో దిగబోయాడు. కాలు బయట పెట్టాడో లేదో, తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు పెట్టె పైకి కదిలింది. ఆయన్ని బయటికి తీసేసరికి ప్రాణం లేదు. ఎవరిని చూడటానికి వచ్చాడో ఏ రోగీ చెప్పలేదు. ఆ పొద్దున ఎనిమిది నుంచి ముప్పావు గంట సేపు అదే లిఫ్టుని సర్వీసు చేసి సంతకం పెట్టినవాడు మెకానిక్. పోలీసులకి ఇంకేం కావాలి? నిర్లక్ష్యం అని రాసుకుని నిన్న సాయంత్రం పట్టుకుపోయారు.

మెకానిక్ మొదటి రోజు నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. బ్రేకు స్ప్రింగుల్లో ఆ బ్యాచ్ మొత్తం చెడ్డది. వాడకం ఆపమని లిఫ్టు కంపెనీయే ఎనిమిది నెలల కిందట తన వెబ్‌సైటులో హెచ్చరిక పెట్టింది. అంతకుముందు తనే కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాడు. ఫోనులో ఒక పెద్దాయన అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ పెద్దాయన ఎవరో తెలియదు, ఎప్పుడూ చూడలేదు. ఈ లిఫ్టుని నడపొద్దని మంగళవారం పొద్దున కూడా సర్వీసు పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకంలో ఆ కాగితం లేదు. వెబ్‌సైటులో ఆ పేజీ లేదు. ఉండేదని నమ్ముతున్నది ముగ్గురే. మెకానిక్, వాడి భార్య, నిదానం.

నిదానం బ్రేకు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. డబ్బా మీద నాలుగు రివిట్ల చిల్లులున్నాయి. వాటి మధ్య అరచేయంత మేర జిడ్డు లేకుండా మెరుస్తోంది. బ్యాచ్ నంబరు కొట్టిన రేకు అక్కడ ఉండి ఉండాలి. పోలీసు రిపోర్టులో మూల ఉన్న చీపురుని కూడా రాశారు గానీ రేకు ఊసు లేదు.

లేచి స్విచ్చుల బీరువా తలుపు తెరిచాడు. మెకానిక్‌లకి ఒక అలవాటుంది. ఏ సామాను బిగించినా దాని నంబరు, తారీఖు ఆ తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసిపెడతారు. తర్వాత వచ్చేవాడు ప్రతిదానికీ వంగి రేకులు వెతుక్కోకుండా. ఈ తలుపు తుడిచేసి ఉంది. రంగు పలచన చేసే థిన్నరు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. నిదానం టార్చిని తలుపుకి ఆనించి అడ్డంగా వెలుతురు వేశాడు. పెన్సిలు పోయినా పెన్సిలు పడిన ఒత్తిడి రంగులో మిగిలింది. పదకొండు అంకెలు. జేబులోంచి చీటీ తీసి ఒక్కో అంకె సరిచూసుకున్నాడు. మెకానిక్ భార్య మొగుడి జేబు డైరీలోంచి రాసిచ్చిన నంబరు అది. తేడా లేదు. టార్చి కదపకుండా రెండు ఫోటోలు తీసుకున్నాడు.

ఇక గోడ. కొక్కేనికి ఒక ఎర్ర కడ్డీ వేలాడుతోంది. కరెంటు పోయి మనుషులు లోపల ఇరుక్కుంటే బ్రేకుని చేత్తో విప్పడానికి ఉంచే కడ్డీ. పెట్టెలో ఒక్క మనిషే ఉంటే తేలిక. బ్రేకు వదలగానే తాడు అవతలి కొసన వేలాడే బరువు కిందికి దిగి పెట్టెని ఏతంలా పైకి లేపుతుంది. ఈ గదిలో ఏ వస్తువు మీద వేలు పెట్టినా ముద్ర పడేంత దుమ్ముంది. కడ్డీ మీద మాత్రం లేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. అదే థిన్నరు.

"వాసన చూస్తున్నారా గురువుగారూ? కాస్త నాకి కూడా చూడండి, రుచి తెలుస్తుంది."

గుమ్మంలో ఇస్త్రీ నిలబడి ఉన్నాడు. చొక్కా మడత ఏనాడూ చెదరనివ్వడు గనక ఆ పేరు. రెండేళ్లు నిదానం దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు లిఫ్టు కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తున్నాడు. ఈ గది తాళంచెవి బుధవారం నుంచీ అతని వేలికే తిరుగుతోంది. ఇందాక నిదానానికి తలుపు తీసిందీ అతనే.

తలుపు ఎవరు తుడిచారని నిదానం అడిగాడు. నిన్న కంపెనీ మేనేజరు మనుషుల్ని తెచ్చి దగ్గరుండి శుభ్రం చేయించాడనీ, ఆసుపత్రి కదా, శుభ్రం ఉండొద్దా అనీ ఇస్త్రీ అన్నాడు. రేకు సంగతి అడిగితే, ఏ రేకు అన్నాడు. అని, గొంతు మార్చి అసలు పనిలోకి వచ్చాడు. మెకానిక్ తన నిర్లక్ష్యమేనని సంతకం పెడితే కంపెనీయే జామీను ఉంటుంది. స్టేషన్ బయట కంపెనీ కారు కూడా సిద్ధంగా ఉంది. సాయంత్రానికి మనిషి పెళ్లాం పిల్లల దగ్గరుంటాడు.

"నాలుగున్నర దాకా ఈ మాట మీద ఉంటారు. తర్వాత రిమాండే. మీరు మధ్యలో నిలబడి వాడి కొంప ముంచకండి."

"ఆ పేజీ ఎప్పుడు తీశారు?"

ఇస్త్రీ నవ్వాడు. "ఉందనే అనుకుందాం లెండి, మీ తృప్తి కోసం. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం రెండింటికి. జనం కంగారుపడతారని లాయరు తీయమన్నాడు. సొంత గోడ మీది కాగితం సొంతదారు చింపుకుంటే నేరమా? లేనిదాన్ని మేజిస్ట్రేటుకి ఏం చూపిస్తారు మీరు?"

అప్పుడు నిదానం తన అలవాటుకి విరుద్ధంగా అవసరానికి మించి మాట్లాడాడు. "ప్రతి పేజీకీ ప్రింటు తీసుకోవడానికి విడిగా ఒక నకలు ఉంటుంది. దాని చిరునామా వేరు. అసలుది వెతుకులాటలోంచి తీయించారు, నకలు మరిచిపోయారు. సెర్చ్ ఇంజన్ వాళ్ల అటక మీద అది ఇంకా ఉంది."

ఇస్త్రీ పెదాల మీది నవ్వు అలాగే ఉంది. కళ్లలోది మాత్రం అర క్షణం ఎటో వెళ్లి వచ్చింది. చేతిలో తాళంచెవి తిరగడం ఆగింది. నిదానానికి కావలసింది అదే. వీళ్లకి ఈ సంగతి తెలియదు.

కానీ మెట్లు దిగుతూ ఆ మాటని మళ్లీ తూచుకున్నాడు. తెలియనివాళ్లకి తనే తెలియజెప్పాడు. చేతిలో ఉన్న ఒక్క గింజనీ చూపించి పిట్టని పిలిచినట్టయింది.

ఆ గింజని సంపాదించింది మెకానిక్ భార్య. వారం రోజులుగా ఆవిడ లిఫ్టు, బ్రేకు, హెచ్చరిక అని వెతుకుతూనే ఉంది. లక్షల జవాబులొచ్చేవి, కావలసింది వచ్చేది కాదు. నిన్న సాయంత్రం విసుగెత్తి డైరీలోని పదకొండు అంకెలు మాత్రమే కొట్టింది. ఒకే ఒక్క జవాబు వచ్చింది. రెండు ముక్కలు. ఆ నంబరు, దాని పక్కన "వాడకం వెంటనే ఆపవలెను" అనీ, తర్వాత చుక్కలు. నొక్కితే తెల్ల పేజీ. ఆ రెండు ముక్కలు చూపిస్తే పోలీసాఫీసరు, తారీఖు లేదు, ఎవరు రాశారో లేదు, ఇలాంటివి మా అబ్బాయి కూడా తయారు చేస్తాడమ్మా అన్నాడు.

సెర్చ్ ఇంజన్ ఆఫీసు ఐదో అంతస్తులో. నిదానం అక్కడ కుర్చీలో కూర్చునేసరికి మూడూ ఇరవై.

ఎదురుగా బల్ల వెనక ఉన్నావిడకి యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు తాడు మెడలో వేలాడుతోంది. ఆఫీసులో ఆవిడని అటక మేడమ్ అంటారట. ఆ మాట ఆవిడే చెప్పింది, నవ్వకుండా. మెకానిక్ భార్య సంతకంతో ఉన్న అభ్యంతరం కాగితం తీసుకుని, చదివి, నంబరు వేసి పక్కన పెట్టింది.

"దేని మీద అభ్యంతరం? ఈ నకలుని తీసేయమని మాకెవరూ చెప్పలేదు. చెప్పనిదానికి అభ్యంతరమేంటి?"

"చెబుతారేమోనని."

"చెప్పినప్పుడు చూద్దాం."

అటక అంటే ఏమిటని నిదానం అడిగాడు. తెలిసినా అడుగుతాడు. మనిషి తన పని గురించి చెప్పేటప్పుడు దాచాలనుకున్నది కూడా ఒలికిపోతుందని ఆయన అనుభవం. ఆవిడ చెప్పింది. లోకంలో ఉన్న పేజీలన్నీ ఒకే చోట పెట్టుకుని వెతికితే జవాబు తెల్లారాక వస్తుంది. అందుకని రెండు అరలు. నలుగురూ వెళ్లే పేజీలు, పది మంది తమ పేజీల్లోంచి దారి చూపించే పేజీలు ముందు అరలో. ఎవరూ దారి చూపించనివి, ఇంకోదానికి నకళ్లలా ఉన్నవి, మూలన పడ్డవి అటక మీద. ముందు అరలో జవాబు దొరికితే అటక వైపు తలెత్తి కూడా చూడరు. దొరక్కపోతేనే నిచ్చెన వేస్తారు. అందుకే పదకొండు అంకెలకి అది దిగింది, మామూలు మాటలకి దిగలేదు.

పేజీలు చూసి రావడానికి ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. ఊరంతా తిరిగే దాని పని చూసి ఆఫీసులో తిరుగుబోతు అంటారు. ముందు అర పేజీల దగ్గరికి రోజూ పోతుంది. అటక మీది వాటి దగ్గరికి నాలుగు నెలలకో, ఆరు నెలలకో. పోయినప్పుడు అక్కడ ఏముంటే అది తెచ్చి పాతదాని స్థానంలో పెట్టేస్తుంది.

"అంటే కంపెనీవాళ్లు పేజీ తెల్లగా చేసినా, ఇది మళ్లీ పోయేదాకా మీ దగ్గర పాత రాతే ఉంటుంది."

"ఉంటుంది."

"మళ్లీ ఎప్పుడు పోతుంది?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తెర చూసింది. చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. నిన్నటి దాకా డెబ్భై రోజుల గడువుందట. ఇప్పుడు ఈ రోజే అని చూపిస్తోంది. నాలుగూ నలభైకి.

నిదానం తెర వైపు వంగాడు. ఎందుకు మారిందని అడిగాడు.

"మీరే మార్చారు. రాత్రి నుంచీ రెండు వందల పైచిలుకు చోట్ల ఎవరెవరో ఈ చిరునామా అంటించారు. ఇంతమంది దారి చూపిస్తున్నారంటే ఇదేదో ముఖ్యమైన పేజీ అనుకుంటుంది మా యంత్రం. అటక మీంచి దించి ముందు అరలో పెట్టాలనుకుంటుంది. పెట్టే ముందు ఒకసారి తాజాగా చూసి రమ్మని తిరుగుబోతుని పంపుతుంది."

మెకానిక్ భార్యే. రాత్రి సంతోషం పట్టలేక మెకానిక్‌ల సంఘం గ్రూపులో పెట్టింది. అందరూ చూడండి, అందరికీ పంపండి, నా మనిషిని కాపాడండి అని. వాళ్లు మంచివాళ్లు. తలా నాలుగు చోట్ల పెట్టారు. ఆ మంచితనమంతా కలిసి ఆ పేజీ మెడకి చుట్టుకుంది. ఎవరూ పట్టించుకోకపోతే డెబ్భై రోజులు బతికేది.

"ఆపలేరా?"

"నా చేతిలో లేదు."

"పాత రాత ఒక ప్రతి తీసి, తారీఖు వేసి, మీ ముద్రతో ఇవ్వండి."

"కోర్టు ఉత్తర్వు తెండి, ఇస్తాను." రేపటికి గానీ రాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ గొంతు తగ్గించింది. "నాకిక్కడ పదహారేళ్ల సర్వీసు. కారణం లేకుండా ముద్ర కొట్టినవాళ్లని సాయంత్రానికి ఇంటికి పంపారు. మా పక్క బల్ల అందుకే ఖాళీ. మీ మనిషి మీద నాకు కోపం లేదండీ."

మూడూ యాభై. నిదానం ఆ ఖాళీ బల్ల వైపు కాసేపు చూశాడు. దాని మీద ముద్ర ఆరబెట్టే అద్దుడు కాగితం ఇంకా ఉంది. ఏ కారణం ఉంటే కొడతారు అని అడిగాడు.

ఆవిడ వేళ్ల మీద చెప్పింది. కోర్టు ఉత్తర్వు. లేదా తీసివేత ఉత్తరం. ముందు అరలోంచి పేజీ తీయించాలంటే సొంతదారు మీట నొక్కితే చాలు, రెండు గంటల్లో యంత్రమే తీసేస్తుంది, మనుషుల పని లేదు. అటకకి మీట లేదు. సొంతదారు మనిషి సంతకంతో ఉత్తరం తెచ్చి ఈ బల్ల మీద ఇవ్వాలి. ఇచ్చాక, తీసేముందు, ఆ పేజీ నకలు ప్రింటు తీసి, ముద్ర కొట్టి ఫైలులో పెట్టాలి. రేపు ఎవరైనా ఏం తీశారని అడిగితే జవాబు ఉండాలి కదా.

"అప్పటికే అభ్యంతరం చెప్పినవాళ్లు ఉంటే?"

"వాళ్లకొక ప్రతి..." ఆవిడ మాట మధ్యలో ఆగింది. పక్కన పెట్టిన అభ్యంతరం కాగితం వైపు చూసింది. తర్వాత నిదానం వైపు చూసింది. "ఆ ఉత్తరం ఎవరు తెస్తారండీ?"

నిదానం కుర్చీని కొద్దిగా తిప్పి తలుపు కనపడేలా కూర్చున్నాడు. రెండున్నరకి ఇస్త్రీ కళ్లు ఎక్కడికి వెళ్లొచ్చాయో ఇప్పుడు ఆయన ప్రాణం అంతా అక్కడ ఉంది. వాడు తెలివైనవాడు. తను నేర్పిన పనే. అటక మీద మిగిలిందని వింటే ఊరికే ఉండడు, ఉత్తరం పట్టుకుని రావాలి. కానీ నాలుగూ నలభై లోపల రావాలి. నలభై ఒకటికి వస్తే ప్రింటులో తెల్ల కాగితం వస్తుంది. తిరుగుబోతు వస్తోందని వాడికి తెలిస్తే అసలు రాడు, కాళ్లు చాపుకుని కూర్చుంటాడు.

నాలుగూ పది. ఎవరో తలుపు తీశారు. మంచినీళ్ల డబ్బా మార్చే మనిషి.

నాలుగూ ఇరవై రెండుకి ఫోన్ మోగింది. మెకానిక్ భార్య. స్టేషన్ వరండాలోంచి మాట్లాడుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి గాలి మాత్రం వస్తోంది. కంపెనీ లాయరు కాగితాలు పరిచాడట, నాలుగున్నర దాటితే మడిచేస్తానంటున్నాడట. మీ ఆయన తల దించుకుని కూర్చున్నాడు, నువ్వే చెప్పు అని పోలీసులు ఆవిడ వంక చూస్తున్నారట.

"అన్నయ్యా, సంతకం పెట్టించేయనా?"

"వద్దమ్మా."

"పేజీ దొరికిందా?"

నిదానం అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఇంకొక్క ఇరవై నిమిషాలు ఆగమన్నాడు. ఇరవై నిమిషాలు వాళ్లివ్వరన్నయ్యా అని ఆవిడ అంటుంటే వెనక ఎవరో కసిరారు, లైను తెగింది. రాత్రి తను చేసిన పని ఆవిడకి చెప్పకూడదని ఆయన ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు. ఎప్పటికీ.

నాలుగూ ముప్ఫై. అటక మేడమ్ తన ముందున్న స్టాంపు ప్యాడ్ మూత తీసింది, పెట్టింది. ఆవిడా తలుపు వైపే చూస్తోంది. నాలుగూ ముప్ఫై రెండు. మూడు. ఐదు.

ముప్ఫై ఆరుకి తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ. నుదుటి మీద చెమట, చొక్కాకి మాత్రం మడత లేదు. చేతిలో కంపెనీ కాగితం మీద టైపు చేసిన ఉత్తరం, కింద మేనేజరు సంతకం.

నిదానాన్ని చూసి పళ్లికిలించాడు. "ఆలస్యమైందా గురువుగారూ? మేనేజరు సంతకం కోసం ఆసుపత్రి దాకా పోవాల్సి వచ్చింది." ఉత్తరం బల్ల మీద పెట్టాడు. "అటక మీది నకలు తీసేయండి మేడమ్. వెంటనే."

"అంత తొందరేం లేదు. రేపు తీసినా ఫరవాలేదు కదా మేడమ్?" అన్నాడు నిదానం.

"లేదు. ఇప్పుడే," అన్నాడు ఇస్త్రీ.

"సరే అయితే. ఇప్పుడే," అంది ఆవిడ. ఉత్తరం మీద సమయం వేసింది. నాలుగూ ముప్ఫై ఏడు. మీట నొక్కింది. మూల ఉన్న ప్రింటరు గురక పెట్టి, ఆలోచించి, కదిలింది. కాగితం ఎందుకని ఇస్త్రీ అడిగాడు. ఫైలుకి ఒకటి, అభ్యంతరం చెప్పినవాళ్లకి ఒకటి, మా పద్ధతి అని ఆవిడ చెప్పింది. అతను ఉత్తరం వెనక్కి తీసుకోబోయాడు. ఆవిడ దాని మీద చెయ్యి వేసింది.

"సమయం వేశాక వెనక్కి ఇవ్వం బాబూ."

రెండు ప్రతులూ వచ్చాయి. రెండు ముద్రలు పడ్డాయి. నాలుగూ ముప్ఫై తొమ్మిది. నిదానం తన ప్రతి అందుకున్న కాసేపటికి ఆవిడ తెరని వాళ్ల వైపు తిప్పింది. అటక మీది ఆ వరసలో ఒక్కసారి తెలుపు పరుచుకుంది. తిరుగుబోతు వచ్చి వెళ్లింది. ఆ రాతకి ఈ లోకంలో ఇక మిగిలింది ఆ రెండు కాగితాలే.

నిదానం నిలబడే చదివాడు. నంబరు ఉంది. ఎనిమిది నెలల నాటి తారీఖు ఉంది. "ఈ బ్యాచ్ స్ప్రింగులు పట్టు వదులుచున్నవి. తలుపు తెరిచి ఉండగా పెట్టె కదిలే ప్రమాదమున్నది. వాడకం వెంటనే ఆపవలెను." మెకానిక్ చెప్పింది అక్షరం తప్పు లేదు. గట్టెక్కాడు అనుకున్నాడు. అనుకుంటూనే చూపు కిందికి జారింది.

ముద్ర కింద ఆఫీసు యంత్రమే వేసిన ఒక వరస ఉంది. ఇదే వెబ్‌సైటు నుంచి ఇంతకుముందు వచ్చిన తీసివేత: మంగళవారం, ఉదయం తొమ్మిదీ ఇరవై.

"పేజీ రెండింటికి తీశారన్నావు," అన్నాడు నిదానం.

"అవును. ప్రమాదం తర్వాత."

నిదానం కాగితం అతని ముందు పెట్టి వేలు చూపించాడు. ఇస్త్రీ చదివాడు. తొమ్మిదీ ఇరవై. లిఫ్టు కదిలింది పదకొండూ నలభైకి. రెండు గంటల ఇరవై నిమిషాల ముందే హెచ్చరికని దాచేయాలని ఎవరికో తోచింది.

"నాకు మేనేజరు రెండింటికనే చెప్పాడు," అన్నాడు ఇస్త్రీ. ఆ గొంతులో వెటకారం లేదు. నిదానం దగ్గర పని నేర్చుకున్న రోజుల్లోని గొంతు అది.

నిదానం వినడం లేదు. ఆయన కాగితం అడుగున ఉన్నాడు. మామూలు పేజీలో కనపడనిది ప్రింటు నకలులో ఉంటుంది. ఎవరు రాశారో చిన్న అక్షరాల్లో. తయారు చేసినవారు అని ఒక పేరు. ఆ పేరుని ఆయన పొద్దుటి నుంచీ నాలుగుసార్లు చదివాడు, పోలీసు రిపోర్టులో, చనిపోయినవారు అన్న చోట. ఏ రోగినీ చూడటానికి రాని ముసలాయన తను చెడ్డదని రాసిన స్ప్రింగుని మార్చారో లేదో చూడటానికి వచ్చాడు. వస్తున్నట్టు తొమ్మిదింటికి ఎవరికో చెప్పి ఉంటాడు. ఎర్ర కడ్డీ. దాన్ని ఒక చెయ్యి పట్టుకుంది, తర్వాత ఒక చెయ్యి తుడిచింది.

దాని కింద ఇంకో వరస. సమాచారం ఇచ్చిన మెకానిక్, లైసెన్సు నంబరు. ఆ నంబరు ఎవరిదో తెలుసుకోవడానికి నిదానానికి ఏ చీటీ అక్కర్లేదు.

ఈ కాగితం మీద ఇద్దరే మనుషులున్నారు. ఒకడు పోయాడు.

ఫోన్ నొక్కాడు. ఆరోసారి మోగాక మెకానిక్ భార్య ఎత్తింది. ఆవిడ గొంతు తేలికపడి ఉంది. 

"ఆగలేకపోయానన్నయ్యా. క్షమించు. పెట్టించేశాను. వదిలేశారు. కారెక్కాడు."

"ఇంటికేనా?"

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ రోజు పని ఎలా చేశాడో లిఫ్టు దగ్గర ఒకసారి చేసి చూపించమన్నారంట, రిపోర్టుకి. అరగంటలో ఇంటి దగ్గర దింపుతామన్నారు. మేనేజరుగారు మంచాయనే అన్నయ్యా, తనే దగ్గరుండి చూసుకుంటానని ఫోనులో చెప్పాడు."

నిదానం ఫోన్ దించాడు. ఇస్త్రీ వేలి వైపు చూశాడు. మధ్యాహ్నం తిరిగిన తాళంచెవి అక్కడ లేదు.

"యంత్రాల గది తాళం ఏది?"

ఇస్త్రీ తన ఖాళీ వేలిని చూసుకున్నాడు. "సంతకానికి వెళ్లినప్పుడు... మేనేజరు అడిగి తీసుకున్నాడు."

నిదానం కాగితాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కసారే వరండాలోకి పరిగెత్తారు. ఇస్త్రీ అలవాటుగా లిఫ్టు మీట నొక్కేశాడు. అది పైనే ఉందేమో, వెంటనే గంట మోగి తలుపు తెరుచుకుంది. లోపల దీపం వెలుగుతోంది, ఎవరూ లేరు. గడప దగ్గర పెట్టెకీ నేలకీ మధ్య వేలెడు సందు నల్లగా కనపడింది.

ఇద్దరూ దాని వంక చూశారు. ఇద్దరూ మెట్ల వైపే తిరిగారు.